మా తలుపుకి వేపదండ

ఐర్లండ్ నుంచి మేం మోసుకొచ్చిన సామాన్లలో వానకోట్లు పనికొచ్చాయి, మందపాటి దుప్పట్లు పనికొచ్చాయి, రొట్టె కాల్చే మిషను కరెంటు ఉన్న పూట పనికొచ్చింది. బొత్తిగా పనికిమాలినది ఒకటుంది. పొగ తగిలితే కూసే స్మోక్ అలారం. దాన్ని మా అమ్మాయి తన స్వెటర్ల మధ్య చుట్టి తెచ్చింది. అక్కడి బడికి ఫైరింజన్ వాళ్ళొచ్చి, అలారం లేని ఇంట్లో నిద్రపోకూడదని పిల్లలకి పాఠం చెప్పారట. నేను పుట్టి పెరిగిందే అలారం లేని ఇంట్లో, అదీ కట్టెల పొయ్యి పక్కన, అని చెప్పాను. "నీ అదృష్టం బాగుందమ్మా," అంది. తొమ్మిదేళ్ళ పిల్ల అనే మాటలా ఇవి?

మా ఊరు అరకు నుంచి బొర్రా వైపు పోయే రోడ్డు దిగి, కాఫీ తోటల్లోంచి కాస్త నడిస్తే వస్తుంది. మాది తాతల నాటి నుంచీ కొండ వ్యవసాయం. మా నాన్న కట్టిన పెంకుటిల్లు, తమ్ముడు ఉద్యోగం మీద పాడేరు వెళ్ళిపోయాక తాళం పడి ఉంది. నేను విశాఖలో నర్సింగు చదువుకుని, ఆ ఆసుపత్రిలోనే కంప్యూటర్లు బాగుచేసే విజయనగరం మనిషిని చేసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని ఐర్లండ్ వెళ్ళాను. వెంటబెట్టుకుని అంటే ఆయనకి కోపం. కానీ వీసా నాది.

తిరిగి రావాలన్న పట్టుదల కూడా నాదే. అక్కడ మా పక్కింటాయన చాలా మంచి మనిషి. ఉన్నన్నాళ్ళూ గోడ మీంచి వాన గురించే మాట్లాడుకున్నాం. ఒక రోజు ఆయన గుమ్మం ముందు శవాల్ని తీసుకుపోయే నల్ల కారు ఆగితే, ఆయన పోయి అప్పటికే కొన్ని రోజులైందని తెలిసింది. గోడకి ఇవతల నేను ఆ రోజులన్నీ వంట చేసుకుంటూ, టీవీ చూసుకుంటూ ఉన్నాను. ఆ సాయంత్రమే మా ఆయనతో అన్నాను, నేనిక్కడ ముసలిదాన్ని కాలేను, మా ఊరు పోదాం అని.

అక్కడ మా ఇంటికి అంటిన జబ్బుల్లో ఓటింగ్ ఒకటి. ఆదివారం ఏం వండాలన్నా ఓటే, గోడకి ఏ రంగు వెయ్యాలన్నా ఓటే. ఊరు మారడానికి కూడా ఓటు పెట్టారు తండ్రీకూతుళ్ళు. చివరికి తేలిందేమిటంటే, కొత్త సంవత్సరం వచ్చేదాకా అరకులో ఉండి చూడాలి, ఆ రోజు పొద్దున్న మళ్ళీ ఓటెయ్యాలి. మా ఆయన పాత ఆఫీసు వాళ్ళు అప్పటిదాకా ఆయన కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు. నా ఓటు ఉండిపోవడానికని అందరికీ తెలుసు. ఆయన ఓటు వెళ్ళిపోవడానికని వచ్చిన వారంలోనే తెలిసిపోయింది. ఇక మిగిలింది పిల్ల. మా సంసారం ఏ దేశంలో ఉండాలన్నది ఆ వేలెడంత మనిషి చేతిలో పడింది. ఆ సంగతి దానికి బాగా తెలుసు కూడా.

ఆయన మనసు విరగడానికి కారణం సిగ్నలు. ఇంట్లో ఉండి కంప్యూటర్ పని చేసుకుంటానని వచ్చినవాడికి ఇంట్లో ఒక్క గీత కూడా లేదు. మిట్ట మీద పనసచెట్టు కింద మాత్రం రెండు గీతలు. రోజూ కుర్చీ, గొడుగు, ల్యాప్‌టాప్ మోసుకుని అక్కడికి పోయేవాడు. పైన చొక్కా, కింద లుంగీ. మీటింగు మధ్యలో మేకలొచ్చి వైరు నమిలేవి. "మీ వెనక కనిపిస్తున్న కొండల బొమ్మ బాగుంది, ఎక్కడ దొరికింది?" అని అవతలివాళ్ళు అడిగితే, అది బొమ్మ కాదని నమ్మించలేక ఊరుకున్నాడు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం జాలి. చదువుకున్న అల్లుడు బాబు చెట్టు కింద ఒక్కడే కూర్చుని మాట్లాడుకుంటున్నాడంటే ఏం జరిగిందో పాపం, అనుకునేవారు.

పిల్ల బాధ వేరు. దానికి తలుపు కావాలి. తలుపంటే మూసి ఉండేది, కొడితే తీసేది. మా ఊళ్ళో పగటిపూట మూసిన తలుపంటే లోపల ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం. మా పక్కింటి పెద్దమ్మ, అంటే మా అమ్మకి వరసకి అక్క, నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిరిగిన మనిషి, మేం తలుపు వేసిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చేది.

"ఏటే, తలుపేసుకున్నారు? జొరవేటి?"

"లేదు పెద్దమ్మా. పిల్ల చదువుకుంటోంది."

"సదువుకి తలుపెందుకు?" అని లోపలికొచ్చి, పిల్ల పక్కన చాప మీద చతికిలబడి, దాని పుస్తకం ఇటు తిప్పి అటు తిప్పి చూసి, దాని జుట్టు విప్పి పేలు వెతికేది. పేలు లేవు. అయినా వెతికేది. స్నానాల గదికి గడియ లేకపోతే అందులోకీ వచ్చేది. "నువ్వు గుంటవి, నాను ముసల్దాన్ని, మనకేటి సిగ్గు?" అనేది. మర్నాడే మా ఆయన చేత గడియ పెట్టించాం. పిల్ల తన గది తలుపుకి అట్టముక్క కూడా తగిలించింది, తట్టి రావలెను అని. పెద్దమ్మకి చదువు రాదు. చదువొచ్చిన వీధి పిల్లలు ఆ ముక్క పైకి చదివి, గట్టిగా నవ్వుకుని, తట్టకుండా వచ్చారు.

అలారం సంగతి ఇంకా దారుణం. మా వంటింటికీ పెద్దమ్మ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే, ఆ గోడ కూడా పైకప్పు దాకా లేదు. ఆవిడ పదకొండు గంటలకి పప్పుకి తాలింపు వేస్తుంది. ఎండుమిరప, ఆవాలు, వెల్లుల్లి. ఆ ఘాటు గోడ దాటగానే అలారం కూత మొదలు. మొదటి రోజు పెద్దమ్మ గరిటె పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. రెండో వారానికి అలవాటు పడింది. మూడో వారానికి తోటల్లో కాఫీ పళ్ళు కోసేవాళ్ళు కూడా అలవాటు పడ్డారు. కూత వినపడగానే బుట్టలు దించి భోజనానికి వచ్చేసేవారు. "మీ తెల్ల కాకి అరిసినాది, నా పప్పు అయిపోనాదని ఊరందరికీ తెలిసిపోతన్నాది," అని పెద్దమ్మ మురిసిపోయేది. మా పిల్ల మాత్రం రోజూ స్టూలెక్కి మీట నొక్కి దాని నోరు మూయించి, దిగి, చెమట తుడుచుకుని, నా వంక చూసేది. ఇదీ లెక్కలోకి తీసుకుంటాను సుమా, అన్నట్టు.

నేను ఊరుకునేదాన్ని కాదు. ప్రచారం చేసేదాన్ని. చూశావా ఎంత గాలో, చూశావా ఎన్ని చుక్కలో అనేదాన్ని. చుక్కలు అక్కడా ఉన్నాయంది. అక్కడ మబ్బుల వల్ల కనపడలేదు కదా అన్నాను. ఉన్నాయి కదా అంది. దానితో వాదించడం కంటే ఆసుపత్రికి పోయి సూదులు వేసుకోవడం సుఖం. అరకులో ఓ చిన్న ఆసుపత్రిలో పని దొరికింది నాకు. పిల్ల కూడా అక్కడే ఫాదర్లు నడిపే బడికి పోయేది.

డిసెంబరొచ్చింది. బడికి సెలవులిచ్చారు. మేం క్రైస్తవులం కాకపోయినా అక్కడ పుట్టిన పిల్లకి క్రిస్మస్ అంటే ప్రాణం. మా ఊళ్ళో ఉన్న రెండు క్రైస్తవుల ఇళ్ళ ముందూ కాగితం నక్షత్రాలు వెలిగాయి. దీనికి నక్షత్రం చాలదు. అక్కడ ప్రతి ఇంటి తలుపుకీ పచ్చటి ఆకుల దండ ఒకటి గుండ్రంగా చుట్టి వేలాడదీస్తారు. ముళ్ళ అంచుల ఆకులు, మధ్యలో ఎర్రటి పళ్ళు. ఆ ఆకు ఇక్కడ దొరకదు. అంచులు రంపంలా ఉన్న ఆకు కోసం ఊరంతా తిరిగింది. చివరికి మా పెరట్లోనే దొరికింది. మా చలికి ఎదగక పీలగా ఉన్న చెట్టు ఒకటుంది, దాని కొమ్మలు కోసి తీగకి చుట్టింది. ఎర్రటి పళ్ళకి మాత్రం కొదవేముంది, కాఫీ కోతల కాలం. గుత్తులు గుత్తులుగా గుచ్చింది. దండని వీధి తలుపుకి తగిలించి నన్ను పిలిచింది. "అచ్చం అక్కడిలాగే ఉంది," అని మెచ్చుకున్నాను. మా ఆయన ఫోటో తీశాడు.

దండ కట్టిన సాయంత్రమే అది వీధిలో ఇల్లిల్లూ తిరిగి పిల్లలందర్నీ పార్టీకి పిలిచింది. క్రిస్మస్ రోజు నాలుగింటికి, కేకు ఉంటుందని. పండక్కి ఇంకా నాలుగైదు రోజులుంది. పిల్లలంతా గంతులేశారు.

మర్నాటి నుంచి మా ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

పెద్దమ్మ రాలేదు. పిల్లలు రాలేదు. చక్కెర కావాలని, సెల్ఫోన్ చూడమని, బీపీ చూడమని, ఊరికే కూర్చోవడానికని వచ్చేవాళ్ళెవరూ రాలేదు. నిజం చెబుతున్నాను, మొదటి రెండు రోజులూ నాకు హాయిగా ఉంది. కాళ్ళు చాపుకుని కాఫీ తాగాను. మనం తలుపులు మూసుకునేదెందుకో వీళ్ళకి ఇప్పటికి అర్థమైందన్నమాట, నాగరికత వచ్చింది, అన్నాడు మా ఆయన. పిల్ల తన గదిలో ఎవరూ తట్టని తలుపు వెనక కూర్చుని పుస్తకాలు చదువుకుంది. వారానికోసారి అలారం పనిచేస్తోందో లేదో చూసే అలవాటు దానికి. ఆ రోజు స్టూలెక్కి మీట నొక్కితే అది ఊరు అదిరేలా కూసింది.

"బాగానే ఉంది. మరి ఎందుకు మోగట్లేదు?" అంది.

మేమెవరమూ పట్టించుకోలేదు.

ఒక పొద్దున్న నీళ్ళ కుళాయి దగ్గర నన్ను చూసి ఎదురింటామె బిందె పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. "గుంట ఎలగున్నాది?" అని దూరం నుంచే గొంతు తగ్గించి అడిగింది.

"బాగానే ఉంది."

"తిండి తింతన్నాదా?"

"శుభ్రంగా."

"నీలు పోసుకున్నాదా?"

ఇదేం ప్రశ్న? విదేశంలో పెరిగిన పిల్ల స్నానం చెయ్యదనుకుంటున్నారా? నాకు ఒళ్ళు మండింది. "రోజూ పోసుకుంటుంది. వేణ్ణీళ్ళు. సబ్బుతో," అన్నాను.

"ఓలమ్మా!" అని ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని, నిండని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆ మాట తల్చుకుని ఆసుపత్రిలో అందరి మీదా చిరాకు పడ్డాను.

ఇంతలో మా పెరటి గట్టు మీద ఎవరో వస్తువులు పెట్టి పోవడం మొదలైంది. చల్లటి రాగి అంబలి ఒక కుండ. ఒక బొప్పాయి. రెండు కొబ్బరిబోండాలు. మా ఆయన పొంగిపోయాడు. అక్కడి ఆఫీసులో క్రిస్మస్‌కి ఎవరిదో తెలియకుండా కానుకలు పెట్టుకునేవారు. "ఇక్కడా ఆ పద్ధతుందని నాకెప్పుడూ చెప్పలేదేం?" అని నన్నే అడిగాడు. కొమ్మల కట్ట కూడా ఒకటి పెట్టారట. పళ్ళు తోముకోవడానికి పుల్లలు కాబోలని రెండు విరుచుకుని, మిగతాది మేకలకి వేశాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బొప్పాయి మాత్రం మిగిలింది.

క్రిస్మస్ రోజు పిల్ల పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చింది. నేను ఎండుపళ్ళ కేకు చేశాను. చాప పరిచి, చుట్టూ స్టీలు పళ్ళాలు పెట్టి, నాలుగింటికి తెల్ల గౌను వేసుకుని కూర్చుంది. నాలుగున్నరైంది. ఐదైంది. కిటికీలోంచి చూస్తే వీధి పిల్లలు అవతలి అరుగు మీద వరసగా కూర్చుని మా ఇంటి వంకే చూస్తున్నారు. ఒక్కరు కదలరు. నేను బయటికొచ్చి చెయ్యూపి పిలిస్తే, వాళ్ళలో ఒకరి అమ్మ వచ్చి అందర్నీ లోపలికి తోలుకుపోయింది.

దీపం పెట్టే వేళకి పిల్ల పళ్ళాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి వంటింట్లో పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని.

"వాళ్ళకి మనం ఇష్టం లేదమ్మా. ముందు వచ్చేవాళ్ళు కదా. చూడ్డానికి వచ్చారు. చూడ్డం అయిపోయింది," అంది.

మా ఆయన నా వంక చూడలేదు. ఆ ఓటు ఎటు పోయిందో ఇద్దరికీ అర్థమైంది. ఆయనకి గెలిచిన ఆనందం కూడా లేదు పాపం, కేకు ముక్క చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాకు మాత్రం ఊరి మీద కోపం ముంచుకొచ్చింది. నన్ను చంకనేసుకు తిరిగిన పెద్దమ్మ కూడా రాలేదే! మనసులో ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. ఆ వారంలో ఎవరింటికీ వెళ్ళలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మా సూట్‌కేసులు అటక మీంచి దించాల్సి వస్తుందని రోజూ అటక వంక చూసేదాన్ని.

సంవత్సరం ఆఖరి రోజు పొద్దున్న పెరటి వైపు డప్పు చప్పుడైంది. తలుపు తీస్తే ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉన్నారు. అందరి ముందూ పెద్దమ్మ, తలంటు పోసుకుని, తడి చీరతో, నెత్తిన పసుపు నీళ్ళ కడవ.

"గుంటని బయిటికి తే. బేగి," అంది. నాతో మాట్లాడినట్టు లేదు, పూజారి ఆజ్ఞ వేసినట్టుంది.

అప్పుడే లేచిన పిల్ల, కుందేళ్ళ బొమ్మల పైజమాలో, ఏమిటా అని గుమ్మంలోకి వచ్చింది. వచ్చీ రాగానే పెద్దమ్మ కడవ ఎత్తి దాని నెత్తిన గుమ్మరించింది. డిసెంబరు చలి. పసుపు నీళ్ళు, నీళ్ళ నిండా ఆకులు. పిల్ల పెట్టిన కేకకి మిట్ట మీది మేకలు చెల్లాచెదురయ్యాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చేతులెత్తి దణ్ణాలు పెట్టారు. పెద్దమ్మ పిల్ల చొక్కా చేతులు పైకి లాగి, మెడ తిప్పి, పొట్ట చూసి, వీపు చూసి, ఆగిపోయింది.

"ఒక్క మచ్చయినా నేదు!"

"మచ్చలెందుకుంటాయి?" అన్నాను నేను.

మోచేతి మీద దోమకాటు ఒకటి దొరికింది ఆవిడకి. దాన్ని వేలితో తడిమింది. "ఇదొక్కటేనా? మరి తలుపుకి అంత యాపాకు కట్టినావు?"

అప్పుడు చూశాను నేను. ఇంటి చుట్టూ తిరిగి వీధి వైపుకి పరుగెత్తి చూశాను. తలుపుకి వేపదండ. ఎండి వేలాడుతూ, మధ్యలో నల్లబడుతున్న ఎర్ర పళ్ళతో. వేపాకు! మా చుట్టుపక్కల అమ్మోరు పోసిన ఇంటికి తప్ప ఎవరూ తలుపుకి వేపాకు కట్టరు. అది కట్టారంటే ఆ గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంటి వైపు గట్టిగా మాట్లాడరు, ఏమైందని అడగరు. అమ్మ దిగాక నీళ్ళు పోసేదాకా స్నానం లేదు. నాకు ఆటలమ్మ పోసినప్పుడు మా అమ్మ ఇదే తలుపుకి, ఇదే మేకుకి వేపాకు కట్టింది. నేను నర్సుని. నా కళ్ళతో ఆ దండ చూసి, అచ్చం అక్కడిలాగే ఉందన్నాను. నా సిగ్గు కంటే నా భయం పెద్దది. ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉంటే ఇంకేం గుర్తుపట్టకుండా పోయేదాన్నో! మా ఆయనదీ అదే అమ్మవారు, వాళ్ళ విజయనగరంలోనూ అదే వేపాకు. ఆయన దాంతో పళ్ళు తోముకున్నాడు.

సంగతి చెప్పేసరికి పెద్దమ్మ పిల్ల వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత కూలబడి నవ్వింది. కడవ పక్కనే కూర్చుని, తడి చీరతో, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఎదురింటామె నా చెయ్యి పట్టుకుని, "అమ్మోరు పోసిన గుంటకి సబ్బుతో వేణ్ణీలంటే, నీ సదువు తగలెయ్య, నాను రాత్రంతా పడుకోనేదు," అంది. పిల్లలు దూరంగా నిలబడటం మానేసి, ఒక్క ఉరుకున వచ్చి తడిసిన మా పిల్ల చుట్టూ మూగారు. అది పళ్ళు టకటకలాడిస్తూనే అడిగింది, "కేకు ఇంకా ఉంది, వస్తారా?" ఎండుపళ్ళ కేకు గుణమే అది, పాతబడితే బాగుంటుంది. చిన్న ముక్క కూడా మిగల్లేదు.

మొక్కు మాత్రం మిగిలింది. పిల్లకి తగ్గితే ఎర్ర పుంజుని ఇస్తానని పెద్దమ్మ ఊరి చివర అమ్మోరి రాయికి మొక్కుకుందట. మా ఆయన తర్కం మొదలుపెట్టాడు.

"రాని జబ్బుకి మొక్కెందుకు పెద్దమ్మా?"

"నాను మొక్కినాను. గుంట బాగున్నాది. కోడినియ్యాలా, వొద్దా?"

"అసలు జబ్బే రాలేదు కదా!"

"అదే నానూ సెప్తన్నాను అల్లుడు బాబూ. రాకముందే తగ్గించీసినాది. ఎంత గొప్ప తల్లో సూడు," అంది. ఐర్లండ్‌లో ఎన్నో మీటింగుల్లో వాదించి గెలిచిన మనిషి, ఇక్కడ తలొంచుకుని పుంజు కోసం సంతకి పోయాడు.

కొత్త సంవత్సరం రోజు పొద్దున్నే మొక్కు తీర్చి వచ్చాం. పిల్ల అమ్మోరి రాయికి దణ్ణం పెట్టింది గానీ కోడి వంక చూడలేదు. ఇంటికొచ్చి, తలుపు గడియపెట్టి, ముగ్గురం చాప మీద కూర్చున్నాం. పార్టీ అయ్యాక పిల్ల కాస్త మెత్తబడినట్టు కనిపించింది గానీ, అడిగితే "ఓటు రహస్యం" అంది. పన్నెండుకల్లా పాత ఆఫీసుకి కబురు చెప్పాలని ఆయన గడియారం చూశాడు.

"వెళ్ళిపోదామనేవాళ్ళు చెయ్యెత్తండి," అన్నాడు. తనే ఎత్తాడు, సగం. భుజం దాకా.

పెరటి తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి, వీధి తలుపుకి గడియ పెట్టి పెరటి తలుపు మరిచాం. "ఏటి సేత్తన్నారు?" అని చాప మీద చతికిలబడింది. దాచడం ఎందుకని నేనే చెప్పాను, ఉండాలా పోవాలా అని ఓటేసుకుంటున్నామని.

ఆవిడ ముఖం మాడిపోయింది. మేం పోయే అవకాశం ఉందని అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు. "నాకు ఓటు నేదా?" అంది.

"ఇది మా ఇంట్లో ఓటు మామ్మా. ఇంట్లోవాళ్ళకే," అంది పిల్ల, మర్యాదగానే.

"ఓలమ్మ సెప్పొచ్చినాది! నీ కోసం పది రోజులు సప్పిడి తిన్నాను. తాలింపు నేదు, కారం నేదు, ఉత్త పప్పు. ఆ ఘాటు తగిలితే అమ్మోరికి కోపమొస్తాదని, నీకు మంట పుడతాదని ఈది ఈదంతా పొయ్యి మీద మూకుడు పెట్టనేదు. నా కొడుకు నన్ను తిట్టుకుంటా తిన్నాడు. నాకు ఓటు నేదేటి?"

పిల్ల గోడ మీద అలారం వంక చూసింది.

"అందుకా మోగలేదు?" అంది. "అందరూనా? నా కోసమా?"

"మరి నా కోసమేటి? నాకెప్పుడో పోసి తగ్గిపోనాది." పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఉంటే ఉండండి, పోతే పొండి. మొక్కు తీరిపోనాది, నాను పోయి తాలింపేసుకుంతాను. నాలిక సచ్చిపోనాది."

ఆవిడ వెళ్ళిపోయింది. మా ఆయన చెయ్యి ఎప్పుడు దించేశాడో నేను చూడలేదు. నేను ఏడుస్తున్నాను, ఏడుస్తున్నానని దాచుకోవడం కూడా మానేశాను. గోడకి అవతల మూకుడు పెట్టిన చప్పుడు, నూనె పోసిన చప్పుడు, ఆవాలు చిటపట. పది రోజుల ఆకలి తీరేలా ఎండుమిరపకాయలు గుప్పెడు వేసినట్టుంది. ఘాటు గోడ దాటొచ్చి ముగ్గురికీ తుమ్ములందుకున్నాయి. అలారం కూత అందుకుంది. తోటల్లోంచి ఎవరో సంతోషంగా కేక వేశారు.

పిల్ల స్టూలు లాక్కుని ఎక్కింది. మీట నొక్కలేదు. అలారం మూత తిప్పి, బ్యాటరీ ఊడదీసి, కిందకి దిగి, వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది.

"ఏమిటిది?" అన్నాడు ఆయన, తుమ్ముల మధ్య.

"మామ్మ రోజూ తాలింపు వేస్తుంది కదా నాన్నా," అంది. "రోజూ స్టూలెక్కడం నా వల్ల కాదు."